కార్యవర్గం బరువు మోసిన బల్ల

మా మందార కాలనీలో నేలకంటే ఎత్తుగా ఉండే ప్రతి వస్తువూ సంక్షేమ సంఘం కార్యవర్గం మొత్తాన్నీ ఒకేసారి మోయగలగాలి. మోయలేని వస్తువు వాడకూడదు. ఇది నిబంధన. మీకు నవ్వొస్తే నవ్వుకోండి, మేం ఆ దశ దాటిపోయాం.

దీనికంతకూ కారణం పోయిన జెండా పండగ. కమ్యూనిటీ హాలు ముందు వేదిక వేశారు. మా వైపు సంగతి మీకు తెలిసిందే. మనిషిని గోదాట్లోకి తోసినా క్షమిస్తాడు గానీ, వేదిక మీదికి పిలవకపోతే మనవడి పెళ్ళిదాకా గుర్తుపెట్టుకుంటాడు. అంచేత కార్యదర్శి గంగాధరం మైకు పట్టుకుని అధ్యక్షుల్ని, గౌరవాధ్యక్షుల్ని, ఉపాధ్యక్షుల్ని, సలహాదారుల్ని, మాజీ సలహాదారుల్ని, ఎవరెవరి అలకలు తీర్చడానికి ఎప్పుడెప్పుడు పుట్టించిన పదవులో ఆ పదవుల వాళ్ళందర్నీ "వేదికను అలంకరించవలసిందిగా" కోరుతూ పోయాడు. వాళ్ళు అలంకరించారు. కింద మిగిలింది వాచ్‌మనూ, షామియానా వేసినాయనా, నేనూ, నా భార్య హైమావతీ. జెండా ఎగరకముందే వేదిక ఒక పక్కకి ఒరగడం మొదలుపెట్టింది. షామియానా ఆయన "దిగండి బాబూ, దిగండి!" అని గొంతు చించుకున్నాడు. ఒక్కరూ దిగలేదు. పక్కవాడు దిగితే ఆ చోటులోకి జరుగుదామని మాత్రం చూశారు. చివరికి అందరూ కలిసి, పదవుల వరస తప్పకుండా, కింద పడ్డారు.

"పడ్డారు గానీ దిగలేదు, చూశారా!" అంది హైమావతి ఇంటికొస్తూ. అప్పుడది నవ్వులాటకి అన్న మాటే.

వేదిక మీదికి తక్కువమందిని పిలిస్తే సరిపోతుందన్న సంగతి ఎవరికైనా తోస్తుంది. విచారణకు వేసిన ఉపసంఘానికి తోచలేదు. తోచినా ఎవర్ని తగ్గించాలో తేలదు. సంఘం అధ్యక్షులు వీరరాఘవులుగారు సహకార శాఖలో పెద్ద పదవి చేసి రిటైరైనవారు. ఉద్యోగం ఆయన్ని వదిలింది గానీ ఆఫీసు భాషని ఆయన వదల్లేదు. కాలికి కట్టుతోనే సమావేశానికి వచ్చి తీర్మానం చదివారు.

"ప్రమాదమునకు కారణము వేదికయొక్క బలహీనతయే తప్ప, వేదికనెక్కినవారి సంఖ్య ఎంతమాత్రమూ కాదని నిర్ధారించడమైనది. ఇకపై కాలనీ పరిధిలో నేల మట్టమునకు పైన ఉన్న సమస్త ఉపరితలములనూ వేదికలుగా పరిగణించి, కార్యవర్గము యావత్తూ స్వయముగా ఎక్కి పరీక్షించవలెను."

ఆ ఆదివారం నుంచే ఎక్కడం మొదలైంది. ముందు ఇస్త్రీ బండి ఎక్కారు. అది వెంటనే కూలబడింది, నిషేధించారు. తరవాత ఇళ్ళల్లోకి వచ్చారు. భోజనాల బల్లలు, టీపాయిలు, కంప్యూటరు బల్లలు వరసగా ఎక్కారు. మూడో వీధిలో కొత్తగా పెళ్ళైన జంట మంచం మీద కార్యవర్గమంతా చెప్పులు విప్పి, మర్యాదగా, ఒకరి భుజాలొకరు పట్టుకుని నిలబడింది. మంచం విరిగింది. పెళ్ళికూతురు ఏడుస్తూ పుట్టింటికి ఫోను చేసుకుంది. ఎవరింట్లోనో పూజ పీట కనబడితే, "రెండు వేళ్ళు ఎత్తున్ననూ ఎత్తు ఎత్తే" అని అధ్యక్షులవారు తేల్చారు. పీట మీద అందరూ పట్టరు కనుక తలా ఒక బొటనవేలు ఆనించారు. అదీ పగిలింది. దసరా నాటికి మా ఇల్లు తప్ప కాలనీ యావత్తూ నేలమీద తిని నేలమీద పడుకుంటోంది. అందరికీ నడుం నొప్పులు వచ్చాయి గానీ ఎవరూ ఎక్కడినుంచీ కింద పడలేదు. ఆ సంగతి సంఘం తన సాధనగా నోటీసుబోర్డులో రాసుకుంది.

మా ఇంట్లో సామాను ఇంకా పరీక్షకు రాకముందే హైమావతి బాత్రూములో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ బాగానే జరిగింది. ఇంటికి పంపుతూ డాక్టరమ్మ ఒకే మాట చెప్పింది.

"ఎత్తుగా, గట్టి చేతులున్న కుర్చీ చూడండి. ఆవిడ చేతుల మీద బలం పెట్టి తనంతట తను లేవాలి. మీరు ఊరికే లేపుతూ కూర్చుంటే ఆ కాలు మీ మీద ఆధారపడ్డం నేర్చుకుంటుంది."

మా సోఫాలో కూర్చుంటే మనిషి మునిగిపోతుంది. ప్లాస్టిక్ కుర్చీ మీద బలం పెడితే వంగిపోతుంది. బజారు కుర్చీలన్నీ ఏడేళ్ళ పిల్లలకి చేసినట్టు ఉన్నాయి. ఈలోగా ఆవిడ మంచం అంచున కూర్చుని, లేవాల్సినప్పుడల్లా "ఏవండీ, లేపండి" అని పిలవాలి. నేను వంగితే నా మెడ చుట్టూ చేతులు వేసి లేవాలి. పెళ్ళైన కొత్తలో ఆ ముచ్చట వేరు. మంచినీళ్ళు కూడా ఒకర్ని అడగని మనిషి, ఇప్పుడు రోజంతా నన్ను పిలవలేక, పిలవక తప్పక, పళ్ళు బిగబట్టుకుని కూర్చునేది. చూడలేకపోయాను.

కుర్చీ నేనే చేస్తానన్నాను. బ్యాంకులో ఉన్న రోజుల్నుంచీ నాకు చెక్కపని పిచ్చి ఉంది. కారు అమ్మేశాక షెడ్డు ఖాళీగానే ఉంది. అయితే చెక్క నున్నగా చిత్రిక పట్టాలంటే కదలని బల్ల ఒకటుండాలి. పాత చెక్కబల్ల మీద చిత్రిక పడితే బల్ల ముందు నడుస్తుంది, వెనకాల మనం నడవాలి.

"కుర్చీ చెయ్యమంటే బల్ల చేస్తున్నారు. బల్ల చెయ్యడానికి ఇంకేం చెయ్యాలో అదీ ఇప్పుడే చెప్పండి, తీరిగ్గా పడుకుంటాను" అంది హైమావతి.

"బల్ల ఒక్కటే. అది గట్టిదైతే కుర్చీ దానంతటదే వస్తుంది."

"నేను లేచే లోపల వస్తే చాలు."

కలప అడితిలో, పాత పెంకుటిల్లు విప్పితే వచ్చిన టేకు వాసాలు దొరికాయి. వాటిని పట్టీలుగా కోయించి, ఒక్కోదాన్నీ అంచుమీద నిలబెట్టి, పక్కపక్కన జిగురు పూసి, క్లాంపులతో బిగించాను. పై చెక్క నాలుగు వేళ్ళ మందం వచ్చింది. ఎండలో, వానలో మూడు తరాల ఇంటిని మోసిన టేకు అది, ఇంక వంగేది లేదు. కింద దూలాల్లాంటి కాళ్ళు వేసి బోల్టులు బిగించాను. మా షెడ్డు నేల కారు కడిగిన నీళ్ళు పోవడానికి గేటు వైపు వాలుగా ఉంటుంది. అంచేత గేటు వైపు కాళ్ళు రెండు వేళ్ళు పొడుగ్గా ఉంచి కోశాను. బల్లమీద నిండా నీళ్ళు పోసిన గ్లాసు పెట్టి, పక్కన సుత్తితో కొట్టాను. నీళ్ళు వణికాయి గానీ ఒలకలేదు. హైమావతి పడగ్గది కిటికీలోంచి చూసి, "బానే ఉంది. దానిమీద ఏనుగు నిలబడుతుంది" అంది.

ఆ మాట ఎవరి చెవిన పడిందో గానీ మర్నాడు కార్యవర్గం వచ్చింది.

"పార్థసారథిగారూ, మీరు పెద్దవారండి. చెప్పకుండా వేదిక కట్టేసుకుంటే ఎలాగండీ?" అన్నాడు గంగాధరం నొచ్చుకుంటూ.

"ఇది వేదిక కాదండీ, పనిబల్ల. దీనిమీద కుర్చీ చెయ్యాలి."

వీరరాఘవులుగారు చెయ్యెత్తి ఆపారు. "సదరు ఉపరితలము యొక్క వినియోగము సంఘమునకు అప్రస్తుతము. నేలకు పైన ఉన్నదా, లేదా?"

"ఉందండి."

"ఎక్కండి" అన్నారాయన తన వాళ్ళతో.

ఎక్కారు. అధ్యక్షులవారి కోసం మా వంటింటి స్టూలు తెచ్చారు. అది ఆయన కాలికింద విరిగితే అక్కడికక్కడే నిషేధించి, ఆయన్ని ఇద్దరు ఉపాధ్యక్షులు ఎత్తి పైకి చేర్చారు. అంతా నిలబడ్డారు. బల్ల కిర్రుమనలేదు. ఎగిరి చూశారు. ఏమీ కాలేదు. నిజం చెప్పాలంటే ఆ క్షణాన నాకు గర్వంగానే అనిపించింది. ఎంత వెర్రివాడినో తరవాత తెలిసింది.

ఇన్ని నెలల్లో ఏదీ విరక్కుండా నిలబడ్డం వాళ్ళకి అదే మొదలు. దిగాలనిపించలేదు. చాలాసేపు నా షెడ్డులో నా బల్లమీద నిలబడి గాలి పీల్చుకున్నారు. తరవాత అధ్యక్షులవారు పైనుంచే ప్రకటించారు. "కాలనీలో పరీక్ష నెగ్గిన ఏకైక వేదిక ఇదియే గనుక, దీనిని ప్రజోపయోగార్థము సంఘము స్వీకరించడమైనది."

"మా ఆవిడకి కుర్చీ చెయ్యాలండీ" అన్నాను.

"తప్పకుండా చెయ్యండి. నిర్మాణమునకు అభ్యంతరము లేదు. పూర్తయిన పిమ్మట మేము వచ్చి ఎక్కెదము."

గంగాధరం జేబులోంచి ఇత్తడి రేకు తీశాడు. 'పరీక్షించబడినది' అని చెక్కించి ఎప్పటినుంచో జేబులో మోస్తున్నాడట, కొట్టడానికి వస్తువే దొరకలేదు. నా బల్ల నడిమధ్యలో, నేను వారం రోజులు చిత్రిక పట్టి అద్దంలా చేసిన చోట, రేకు పెట్టి నాలుగు మూలలా మేకులు దిగ్గొట్టాడు. ఒక మేకు వంగితే పీకి ఇంకోటి కొట్టాడు. మనుషుల్ని కొట్టాలనిపించడం నాకు అరుదు. ఆ రోజు అనిపించింది.

బల్లని హాలుకి మోసుకుపోయారు. సాయంత్రం కబురొచ్చింది, రమ్మని. వెళ్తే బల్ల ఒక పక్కకి ఒరిగి ఉంది. హాలు నేల మట్టంగా ఉంది మరి. మీద కార్యవర్గం నిలబడే ఉంది గానీ అందరూ కోశాధికారి వైపు జారి ఉన్నారు. కోశాధికారి గోడకి అంటుకుపోయి "చూడండి సార్, చూడండి" అంటున్నాడు.

"ఇది మా షెడ్డు వాలుకి కోసిన బల్లండీ," అన్నాను. "ఆ పొట్టికాళ్ళ కింద రెండు చెక్కముక్కలు పెడితే సరిపోతుంది."

బూతుమాట అన్నట్టు చూశారు నన్ను.

"ఊతమా?" అన్నారు వీరరాఘవులుగారు. "ధ్రువీకరించిన వేదికకు ఊతమా?"

"అదేం మాటండీ," అన్నాడు గంగాధరం. "రేపు ఎవరైనా వంగి చూస్తే మన రేకు పరువేం కాను?"

"పోనీ నాకిచ్చెయ్యండి. మా షెడ్డులో తిన్నగా నిలబడుతుంది."

"స్వీకరణకు నిబంధన గలదు. వాపసుకు నిబంధన లేదు." అధ్యక్షులవారు కోశాధికారి భుజం మీద ఆనుకునే తేల్చారు. "పరీక్ష నెగ్గిన వేదిక ఒరగదు. ఒరిగినట్లు కనబడుచున్నచో లోపము వేదికది కాదు. నేలది."

నేలని ఇన్నాళ్ళూ ఎవరూ పరీక్షించలేదని అప్పుడు అందరికీ గుర్తొచ్చింది. మర్నాడు హాలు గచ్చు పగలగొట్టడం మొదలైంది. తాపీమేస్త్రి రసమట్టం తెచ్చి, గాజుగొట్టంలో బుడగ చూపిస్తే, ఆ పరికరం పాత నిబంధనల నాటిదని చెప్పి పక్కన పెట్టించారు. నా బల్లే కొలత. బల్లకి సరిపడా నేలంతా వాల్చి, పైన నున్నటి టైల్సు పరిచారు.

ఆ పని జరిగినన్నాళ్ళూ నేను రోజూ బల్ల కోసం తిరిగాను. ఇంట్లో హైమావతి మంచం అంచున కూర్చుని నన్ను పిలుస్తూనే ఉంది. పిలిచే గొంతు రోజురోజుకీ చిన్నదవుతోంది. డాక్టరమ్మ చూసి, "ఇంకా మీరే లేపుతున్నారా? ఇలాగైతే ఆవిడ లేవడం మరిచిపోతుంది" అని నన్ను చివాట్లు పెట్టింది. వేదిక కథ చెప్పబోయాను. నమ్మేలా చెప్పడం నాకు చేతకాలేదు.

హాలు ప్రారంభోత్సవం నాడు నాకు సన్మానమన్నారు. వెళ్ళనన్నాను. "వెళ్ళండి. శాలువా కప్పేటప్పుడు బల్ల అడగండి. అంతమందిలో కాదనలేరు" అంది హైమావతి. సాయంత్రం కాఫీ తాగించి, మంచం మీద కూర్చోబెట్టి, గంటలో వచ్చేస్తానని వెళ్ళాను.

కొబ్బరికాయ కొట్టడానికి రాయి కనబడక గంగాధరం నా బల్ల అంచుమీద కొట్టాడు. టేకు అంచు చెక్క లేచింది. బ్యానరు కట్టడానికి మేకులు దిగ్గొట్టారు. జ్యోతి వెలిగించిన కుంది నూనె బల్లంతా పారింది. నన్ను కూడా పైకెక్కించారు. వీరరాఘవులుగారి ఉపన్యాసం మొదలయ్యేసరికి, నున్నటి వాలు టైల్సు మీద వెనక వరసల చాపలు మనుషులతో సహా మెల్లగా ముందుకు జారడం మొదలుపెట్టాయి. ఉపన్యాసం సగమయ్యేసరికి సభంతా వేదిక కాళ్ళ దగ్గర పోగుపడింది.

"సంఘ చరిత్రలో ప్రజలు వినుటకై ముందుకు వచ్చుట ఇదే ప్రథమము!" అన్నారు అధ్యక్షులవారు. నిజంగానే కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు.

శాలువా కప్పుతుంటే బల్ల అడిగాను. చప్పట్లు కొట్టారు. మళ్ళీ అడిగాను. సలహాదారులు ఒక్కొక్కరే నా గురించి మాట్లాడారు. మాజీ సలహాదారులు మాట్లాడారు. దిగుదామంటే దారి లేదు, ఒక్కరూ జరగరు. చివరికి బ్యానరు చాటునుంచి వెనక్కి దూకి ఇంటికి పరిగెత్తాను.

ఇల్లు చీకటిగా ఉంది. హైమావతి నేను కూర్చోబెట్టిన చోటే కూర్చుని ఉంది. లైటు వేసుకోలేదు. వేసుకోవాలంటే లేవాలి. నేను వేసి చూస్తే దుప్పటి తడిసి ఉంది. నా మొహంలోకి చూడలేదు.

"శాలువా బాగుంది," అంది. "బల్ల ఇస్తామన్నారా?"

నేను ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చాను. సిగ్గేమీ లేదు చెప్పుకోడానికి. ఆవిడ నా తలమీద చెయ్యి వేసి, "ముందు నన్ను లేపండి" అంది.

మర్నాడు పొద్దున్నే షెడ్డులో నేలమీద కూర్చున్నాను. మిగిలిన టేకు ముక్కని పాదాల మధ్య ఇరికించి పట్టుకుని చిత్రిక పట్టాను. మోకాళ్ళు నిప్పులయ్యాయి. చిత్రిక జారి రెండుసార్లు బొటనవేలు చీరుకుంది. నేలమీద చేసిన కుర్చీ కనుక కొంచెం మోటుగానే వచ్చింది, వెనకవైపు చూస్తే ఒక భుజం ఎత్తినట్టుంటుంది. కానీ దాని చేతులు పట్టుకుని మనిషి వేలాడినా కదలవు. వీధి వరండాలో, గేటుకి ఎదురుగా వేశాను.

హైమావతి కూర్చుంది. చేతుల మీద అరచేతులు ఆనించింది. పెదవి కొరుక్కుని, మెల్లగా, లేచింది. నేను ముందుకు వెళ్ళబోతే "ఆగండక్కడ" అంది. మళ్ళీ కూర్చుంది. మళ్ళీ లేచింది. ఆ పూటంతా ఆవిడకి అదే పని. ఎవరినీ పిలవకుండా లేవడం, ఎవరూ లేపకుండా నిలబడ్డం. మధ్యాహ్నం నన్ను పిలిచి, "ఏవండీ, మంచినీళ్ళు కావాలా? తెస్తాను" అంది.

కుర్చీ సంగతి దాగుతుందా? ఆదివారం కార్యవర్గమంతా గేటు తీసుకుని వచ్చేసింది. హైమావతి కుర్చీలో కూర్చుని బీరకాయలు తరుగుతోంది.

"అమ్మా," అన్నారు వీరరాఘవులుగారు, "సదరు ఆసనము నేలకు పైన ఉన్నది. తాము దయచేసి లేచినచో, మేమందరము ఎక్కి పరీక్షించెదము."

"లేవనండి" అంది హైమావతి, చాకు పక్కన పెట్టకుండానే.

"లేవలేరా అండీ?" అన్నాడు గంగాధరం జాలిగా. "పోనీ మేం లేపుతామండీ."

"చెయ్యి వేస్తే బీరకాయ తరిగినట్టు తరుగుతాను. లేవగలను. లేవను. మూడు నెలలు లేవలేక కూర్చున్నదాన్ని, ఇవాళ లేవగలిగి కూర్చున్నా. దీని సుఖం మీకు తెలీదు."

అధ్యక్షులవారు ఇబ్బందిగా తీర్మానం కాగితాలు తిరగేశారు. మనుషులున్న వస్తువుని ఎలా ఎక్కాలో నిబంధనలో లేదు. "అయినచో తమరు ఎప్పుడు లేచెదరు?"

"మీరు మా బల్ల దిగితే లేస్తాను. బల్ల తెచ్చి షెడ్డులో పెట్టండి. ఆ నిమిషమే లేచి మీకు కుర్చీ అప్పగిస్తాను. ఎక్కి తొక్కి విరగ్గొట్టుకోండి, మా ఆయన ఇంకోటి చేస్తారు."

"బల్ల ఇక్కడికొచ్చేస్తే మేం ఎక్కడ నిలబడాలమ్మా?" అన్నాడు గంగాధరం తెల్లబోయి.

"నేలమీద" అంది హైమావతి.

ఆ ఏర్పాటు వాళ్ళకి ఎవరూ ఎప్పుడూ చెప్పినట్టు లేదు. గేటు దగ్గరికెళ్ళి గుమిగూడి మాట్లాడుకున్నారు. బల్ల ఖాళీ చెయ్యాలంటే ముందు ఎవరో ఒకరు దానిమీద తన చోటు వదులుకోవాలి. కింది పదవి వాడు దిగాలని పైవాళ్ళు, పెద్దలు దారి చూపాలని కిందివాళ్ళు. మాటా మాటా పెరిగి ఒక మాజీ సలహాదారు రాజీనామా చేసి, దాన్ని ఆమోదిస్తారేమోనని భయపడి వెనక్కి తీసుకున్నాడు. చాలాసేపటికి వీరరాఘవులుగారు తిరిగొచ్చి చదివారు. "సదరు ఆసనము ప్రస్తుతము వినియోగములో ఉన్నందున, పరీక్ష వాయిదా వేయడమైనది."

ఇప్పటికీ ప్రతి ఆదివారం వస్తున్నారు, ఆవిడ లేచిందేమోనని చూడ్డానికి. వాళ్ళు గేటు దగ్గరికి వచ్చేసరికి హైమావతి కుర్చీలో స్థిరంగా కూర్చుని ఉంటుంది. "బల్ల దిగారా?" అంటుంది. వాళ్ళు తలలు దించుకుంటారు. "అయితే నేనూ కూర్చునే ఉంటాను" అంటుంది. హాలుకి తిరిగి పోతారు.

వాళ్ళు సందు మలుపు తిరిగేదాకా చూసి, అరచేతులు కుర్చీ చేతులకి ఆనించి, ఒక్క ఊపున లేచి, హైమావతి కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్తుంది.